పాల బండికి ఒక్క ట్యాంకు చాలు

(దోమలగూడలో జరిగిన పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో వెన్న శాతం గురించి, దాణా గురించి, బోనసు గురించి తరచుగా మాట్లాడుకుంటాము. పాలను మోసుకొచ్చే బండి గురించి మాత్రం అది ఆగిపోయిన రోజున తప్ప మాట్లాడుకోము. ఈ రోజు ఆ బండి గురించి, అందులోనూ దాని డీజిలు ట్యాంకు గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. నేను మెకానిక్కును కాను, లెక్కలు చూచేవాడిని. అయితే బండిలోని లోపం చివరకు వచ్చి చేరేది లెక్కల పుస్తకంలోకే.

ఇప్పుడు చాలాచోట్ల బల్క్ కూలర్లు వచ్చాయి. అక్కడి నుంచి డెయిరీకి ట్యాంకర్లు నడుస్తున్నాయి. అయినా పల్లె నుంచి కూలరు దాకా క్యాన్లు మోసే పని చాలా సంఘాలలో పాత పికప్పులదే. ఒకప్పుడు ఈ పని మెటడార్లు, మన జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్లు, 1986లో వచ్చిన టాటా 407లు చేశాయి. సంఘాలు బండిని కొనేది ఎక్కువగా రెండో చేతిమీదే. అది అంతకుముందు దూరప్రాంతాలకు సరుకు తోలిన బండి అయితే, కంపెనీ ఇచ్చిన ట్యాంకు గాక పాత యజమాని బిగించిన రెండవ ట్యాంకు కూడా దానితోపాటే వస్తుంది. రెండు ట్యాంకులు ఉండటం మంచిదే కదా అని మనం సంతోషిస్తాము.

రెండు ట్యాంకులు నిజంగా అవసరమైన చోటు లేకపోలేదు. మన బావుల దగ్గర నడిచిన కిరోసిన్ ఇంజన్లను గుర్తు చేసుకోండి. చల్లగా ఉన్న ఇంజనులో కిరోసిన్ సరిగా ఆవిరి కాదు. అందుకని చిన్న ట్యాంకులోని పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చేవారు. అక్కడ రెండు ట్యాంకులకూ రెండు వేర్వేరు పనులు. అమెరికాలో పికప్పులకు కంపెనీలే రెండేసి ట్యాంకులు అమర్చేవి. అక్కడి దూరాలు అటువంటివి. అక్కడ కూడా ఫోర్డు పికప్పులు కొన్నింటిలో ఒక ట్యాంకులోని ఇంధనం రెండవదానిలోకి చేరి పొర్లిపోయే లోపం బయటపడి, బండ్లను వెనక్కు పిలిపించి బాగు చేయవలసి వచ్చింది.

మన పాల దారి సంగతి లెక్క వేసి చూడండి. పోను రాను 70 కిలోమీటర్లు, పూటకొక్కసారి అనుకుంటే రోజుకు 140 కిలోమీటర్లు. లీటరుకు 10 కిలోమీటర్ల చొప్పున 14 లీటర్ల డీజిలు. ట్యాంకు 60 లీటర్లదైతే మూడు రోజులు తిరిగినా ఇంకా 18 లీటర్లు మిగులుతుంది. రెండవ ట్యాంకులో మరో 60 లీటర్లు నింపితే దాని బరువు దాదాపు 50 కిలోలు. అంటే ఒక నిండు పాల క్యానుకు సరిపడే బరువును ప్రతి ట్రిప్పులోనూ ఊరికే మోస్తున్నామన్నమాట.

బరువు కన్నా పెద్ద నష్టం ఆలస్యం. పిండిన పాలను కొద్ది గంటలలోపే 4 డిగ్రీలకు చల్లబరచాలి. వేసవి వేడిలో సూక్ష్మజీవులు అరగంటలోపే రెట్టింపు కాగలవు. రెండు ట్యాంకుల మధ్య కాక్ తిప్పినప్పుడు రెండవదాంట్లో డీజిలు లేకపోయినా, అడుగున నీరు చేరి ఉన్నా పైపులోకి గాలో నీరో పోయి ఇంజను ఆగిపోతుంది. గాలి తీసి మళ్ళీ బండి కదిలించేసరికి గంట గడుస్తుంది. కేంద్రంలో కాచి చూచే పరీక్షలో పాలు విరిగితే ఆ పూట డబ్బు ఎవరికీ రాదు. ఒకటిన్నర లీటరు పోసిన వితంతువుకూ రాదు, ఇరవై లీటర్లు పోసిన ఆసామికీ రాదు.

మూడవది నమ్మకం. ఒక సంఘంలో తనిఖీకి వెళ్ళినప్పుడు డీజిలు లెక్కలో ఆ నెల 34 లీటర్లు తక్కువ తేలింది. డ్రైవరు అమ్ముకున్నాడని ఊరంతా నిశ్చయించింది. జీతంలో కోత వేయాలని తీర్మానం కూడా వ్రాసి పెట్టారు. గేజీ లేని రెండవ ట్యాంకులో కర్ర ముంచి కొలిస్తే ఆ 34 లీటర్లూ అందులోనే ఉన్నవి. ఆ డ్రైవరు బయటపడ్డాడు. అదే బండిలో నిజంగా దొంగతనం జరిగి ఉంటే అదీ బయటపడేది కాదు. రోజుకు రెండు లీటర్లు పోయినా ఏడాదికి 730 లీటర్లు. కొలత లేని చోట దొంగ దొరకడు, మంచివాడికి మాట తప్పదు.

కనుక రెండవ ట్యాంకు తీసివేయడమే మేలు. పని తెలిసిన మెకానిక్కు చేత చేయించండి. దగ్గర నిలబడి ఈ సంగతులు చూచుకోండి.

మొదట, ఉంచవలసినది కంపెనీ ఇచ్చిన ట్యాంకును. గేజీ ఫ్లోటు, బిగింపులు దానికే సరిగా ఉంటాయి. పని ఆరుబయట పెట్టించి, బ్యాటరీ తీగ విప్పించి, తీసే ట్యాంకులోని డీజిలును కొలిచి లెక్కలో వ్రాయండి. ఖాళీ ట్యాంకు కదా అని వెల్డింగు మంట దగ్గరకు తేనివ్వకండి. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

తరువాత మధ్యనున్న కాక్‌ను పూర్తిగా తీయించి, ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు ఒకే పైపు వేయించండి. ఇంజను వాడగా మిగిలిన డీజిలును వెనక్కు తెచ్చే రిటర్న్ పైపు కూడా అదే ట్యాంకులో పడాలి. కొందరు దాన్ని మరచిపోతారు, మరికొందరు మూసివేస్తారు. రెండూ తప్పే. పైపు డీజిలుకు తట్టుకునే రకం కావాలి, ప్రతి కొసకూ క్లిప్పు ఉండాలి. ఇక్కడి నుంచి టాంక్‌బండ్ దాటితే రాణీగంజ్‌లో ఇవి దొరుకుతాయి. నాసిరకం పైపుతో మిగిలే డబ్బు ఒక్క పూట పాలకు సరిపోదు.

ఉంచిన ట్యాంకును కడిగించి, మూతలోని గాలి రంధ్రం పూడిపోకుండా చూచి, కొత్త ఫిల్టరు వేయించి, బుడగలు ఆగేదాకా గాలి తీయించండి. ఆ తరువాత అయిదేసి లీటర్లు పోస్తూ ఒక కర్రపై గీతలు పెట్టండి. అదే మీ సంఘానికి నమ్మకమైన గేజీ. మూతకు తాళం వేయండి. ఎలక్ట్రానిక్ పంపు ఉన్న కొత్త రకం బండ్లను మాత్రం కంపెనీ వర్క్‌షాపులో తప్ప ముట్టించవద్దు.

ఇక చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కనుక తరువాత బిగించిన ట్యాంకును ఉంచుకోవడమే చిక్కు. రెండు ట్యాంకులూ కంపెనీ ఇచ్చినవే అయితే, తీయకముందే రవాణా కార్యాలయంలో వ్రాతపూర్వకంగా అడగండి. బీమా వారికీ తెలియజేయండి.

సంఘం పుస్తకాలలో పాలకవర్గ తీర్మానం, కొటేషన్లు, బిల్లు ఉండాలి. తీసిన ట్యాంకు సంఘం ఆస్తి. స్టాకు రిజిస్టరులో చూపి, అమ్మితే రశీదు వేయండి. ఆ ట్యాంకు ఎవరి ఇంటి వెనుకనో నీళ్ళ తొట్టి అయిందని తనిఖీ రోజున వినవలసి రాకూడదు. బండి పుస్తకంలో ప్రతి ఉదయం మీటరు అంకె, కర్ర కొలత, పోసిన డీజిలు వ్రాసి, డ్రైవరు, కార్యదర్శి ఇద్దరూ సంతకాలు చేయాలి. నెలకొకసారి ఆ లెక్కను పాలు పోసే చోట గోడపై అంటించండి.

డీజిలు ఖర్చును భరించేది సంఘమంటాము. నిజానికి భరించేది తెల్లవారుజామున చెంబు పట్టుకొని గేదె దగ్గర కూర్చునే మనిషి. ఆ మనిషి వచ్చి అడిగితే, బండిలో ఎంత డీజిలు ఉందో కార్యదర్శి ఒక్క కొలతతో చూపగలగాలి. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయాన్ని ఎజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.