విషపు మంచు కురిసిన బొమ్మల కథ

అర్జెంటీనా రచయిత ఎక్టోర్ హెర్మాన్ ఓస్తర్‌హెల్డ్‌ను 1977లో సైనిక ప్రభుత్వం మాయం చేసింది 'ఎల్ ఎతెర్నౌతా' బొమ్మల కథ రాసినందుకేనని చెప్పుకోవడం సగం నిజమే. 1957లో మొదలైన ఆ కథలో బ్వేనస్ ఐరిస్ మీద విషపు మంచు కురుస్తుంది. గ్రహాంతర దండును ఎదిరించేది ఒంటరి వీరుడు కాదు, ఇరుగుపొరుగు. అప్పటికి 1976 నాటి సైనిక కుట్ర ఇంకా దూరం, కనుక జోస్యమనడం అతిశయోక్తి. మోంతొనేరోస్ అనే సాయుధ దళంలో చేరినందుకే పట్టుకెళ్లారు కదా అన్న వాదనా సబబే.

అయితే 1969లో, మరో సైనిక పాలన నడుస్తుండగా, ఆయన అదే కథను తిరగరాశాడు. ఈసారి అగ్రరాజ్యాలే దక్షిణ అమెరికాను శత్రువుకు అప్పగించేస్తాయి! అచ్చేస్తున్న పత్రిక దాన్ని అర్ధాంతరంగా కుదించేసింది. బొమ్మల తీరు పాఠకులకు నచ్చలేదన్న మాట ఉన్నా, గుచ్చుకున్నది రాజకీయం కూడా. అంటే ఆయన దళంలో చేరకముందే కథకు బెదిరినవాళ్లున్నారు. చివరికి ఆయనలాగే ఆయన నలుగురు కూతుళ్లూ 1976 కుట్రతో వచ్చిన సైనిక పాలనకే బలయ్యారు.