వృద్ధుల గృహములలో భోజనము – బలము

(అబిడ్స్, నాంపల్లి ప్రాంతములలో వృద్ధుల సేవలో ఉన్నవారి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవములో మన పాఠశాలలను గురించి, వైద్యశాలలను గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. అందుచేత మేము వంటగదిని గురించి మాట్లాడుతామని కోరుకొన్నాము. నూరేండ్ల పండుగలో వంటగది ప్రస్తావన ఏమిటని ఎవరైనా నవ్వుకొన్నా మంచిదే. ఒక వృద్ధుల గృహములో ఉండే మనిషి లేచి నడవగలడా, పడితే కోలుకోగలడా, తెలివిగా మాట్లాడగలడా అన్నది చాలావరకు ఆ వంటగదిలోనే తేలిపోతున్నది.

మన నాంపల్లికి ఆనుకొని రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి ఉన్నది. 1953 నుండి ఎందరో తల్లులు పసిబిడ్డలను ఎత్తుకొని అక్కడికి వస్తున్నారు. బిడ్డను చూడగానే అక్కడ చేసే మొదటి పనులలో ఒకటి తూకము వేయడము. బరువు పెరగకపోతే ఏదో లోపమున్నదని చదువురాని తల్లికి కూడా తెలుసు. మన నగరములోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందినది. పిల్లల తిండి లోపమును గురించి ఆ సంస్థ చేసిన కృషి ప్రపంచమంతటా తెలుసు. అంతటి విద్య మన ఊరిలోనే ఉన్నది. అయినా మేము తిరిగి చూచిన గృహములలో పసిబిడ్డకు దొరికే ఆ తూకము ఎనభై ఏండ్ల తాతయ్యకు దొరకడము అరుదుగానే చూచాము.

తిండి పెట్టడములేదని మేము అనడములేదు. పొద్దున ఇడ్లీయో ఉప్మావో, మధ్యాహ్నము అన్నము, పప్పుచారు, ఒక కూర, సాయంత్రము టీ, బిస్కెట్లు, రాత్రి అన్నము, మజ్జిగ. కడుపు నిండుతున్నది. ఎవరూ పస్తు పడుకోవడములేదు. కాని కడుపు నిండడము వేరు, ఒంటికి పట్టడము వేరు. వడ్డించినది వేరు, తిన్నది వేరు. మేము ఈ దినము చెప్పదలచిన మాట ఇంతే: పెద్దవారి విషయములో మనము వడ్డించినదానిని లెక్కపెడుతున్నాము, తిన్నదానిని, దానివలన మిగిలిన బలమును లెక్కపెట్టాలి.

ఒక పెద్దాయన సంగతి చెబుతాము. రైల్వే ఉద్యోగము చేసి విశ్రాంతి తీసుకొన్న మనిషి. చక్కెర వ్యాధి ఉన్నది. గృహమువారు ఆయనను ఎంతో శ్రద్ధగా చూచేవారు. తీపి మాన్పించారు, పండ్లు మాన్పించారు, అన్నము సగము చేశారు. పరీక్షలో చక్కెర తగ్గినది. అందరూ సంతోషించారు. ఆ ఏడాదిలో ఆయన బెల్టుకు రెండు కొత్త రంధ్రములు పడ్డాయి. కుర్చీలోనుండి లేవాలంటే రెండు చేతులు ఆన్చవలసి వచ్చినది. స్నానపు గదిలో ఒకసారి తూలి పడ్డారు. అప్పటికి కూడా చీటీలో “షుగరు కంట్రోలులో ఉన్నది” అనే వ్రాసి ఉన్నది. అది నిజమే. కాని మనిషి కరిగిపోతున్న సంగతి ఏ చీటీలోను లేదు.

ఇందులో తెలుసుకోవలసిన శరీరధర్మము ఒకటి ఉన్నది. మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరుతుంది. ఆ చక్కెరను ఎక్కువగా తీసుకొని వాడుకొనేది కండ. కండ ఒక గోదాము వంటిది. వయసుతోపాటు కండ తగ్గుతుంది. మంచము పట్టినా, చాలినంత మాంసకృత్తులు తినకపోయినా మరింత త్వరగా తగ్గుతుంది. గోదాము చిన్నదైతే సరుకు వీధిలో నిలిచిపోయినట్లు, కండ తగ్గితే చక్కెర రక్తములోనే నిలిచిపోతుంది. కాబట్టి చక్కెర వ్యాధికి భయపడి పెద్దవారిని పస్తులుంచడమంటే ఆ వ్యాధికే సాయము చేయడము.

ఎంత తినాలి? జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము ఒంటి బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వృద్ధుల వైద్యము తెలిసిన నిపుణులు పలువురు, పెద్దవయసులో కిలోకు 1 గ్రాము నుండి 1.2 గ్రాములు ఉంటే మేలని చెబుతున్నారు. అనగా 50 కిలోల మనిషికి 50 నుండి 60 గ్రాములు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి మాత్రము వైద్యుని సలహా తప్పనిసరి.

ఇప్పుడు మన పళ్ళెమును చూద్దాము. రోజుకు 200 గ్రాముల బియ్యము వండి పెట్టినా వచ్చేది 16 గ్రాములే. గరిటెడు పప్పుచారులో ఉండేది నీరే ఎక్కువ. పలుచని మజ్జిగ కూడా అంతే. ఈ భోజనముతో 50 గ్రాములు ఎక్కడనుండి వస్తాయి? అయితే దీనిని సరిచేయడానికి ఖరీదైన పొడి డబ్బాలు అక్కరలేదు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు ఉన్నాయి. 200 మిల్లీలీటర్ల పాలలో 6 గ్రాములు ఉన్నాయి. 30 గ్రాముల కందిపప్పును ముద్దపప్పుగా పెడితే మరో 6 గ్రాములు. 30 గ్రాముల పల్లీలలో 7 గ్రాములు. పండ్లు లేనివారు పల్లీలు నమలలేరు కదా అంటే, పొడి కొట్టి అన్నములో కలపవచ్చు, చట్నీ నూరవచ్చు. పాలు ఒకసారి, గట్టి పెరుగు ఒకసారి ఇస్తే లెక్క యాభైకి దగ్గర పడుతుంది. చేపలు, కోడిమాంసము తినేవారికి వారములో రెండు రోజులు మెత్తగా వండి పెడితే ఇంకా మంచిది. అయితే అంతా ఒక్క పూటే కాకుండా మూడు పూటలకు పంచాలి.

రెండవ సంగతి రాత్రి. వంటమనిషి ఇంటికి వెళ్ళిపోవాలి కాబట్టి చాలా గృహములలో సాయంత్రము ఆరున్నరకే భోజనము ముగుస్తుంది. మరునాడు ఉపాహారము ఎనిమిది గంటలకు. మధ్యలో పదమూడున్నర గంటలు! వయసులో ఉన్న మనకే అది కష్టము. చక్కెర మాత్ర మింగి, అన్నము సగములో వదిలిన పెద్దమ్మకు అది ప్రమాదము. గ్లైబెన్‌క్లమైడ్ వంటి పాత మాత్రలు ఒంటిలో చాలాసేపు పనిచేస్తాయి. పెద్దవారిలో చక్కెరను మితిమీరి దించగలవు. అందుకే వృద్ధులకు వాటిని ఇవ్వకపోవడమే మంచిదని వైద్యులు చెబుతున్నారు. మీ గృహములో ఎవరైనా అవి వాడుతుంటే వైద్యునితో మాట్లాడండి. మీ అంతట మీరు మాన్పించవద్దు.

రక్తములో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్న తక్కువైతే వయసులో ఉన్నవారికి చెమటలు, వణుకు, ఆకలి వస్తాయి. పెద్దవారిలో ఇవి కనబడకపోవచ్చు. తికమకగా మాట్లాడడము, కారణము లేకుండా కోపము, మాట తడబడడము, అర్ధరాత్రి లేచి తూలిపోవడము, ఇవే గుర్తులు కావచ్చు. “వయసు మీదపడినది, చాదస్తము” అని మనము సరిపెట్టుకొంటాము. అటువంటప్పుడు ముందు చక్కెర పరీక్ష చేయాలి. మింగగల స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, పావుగంట తరువాత మరల చూడాలి. స్పృహ లేనివారి నోటిలో మాత్రము ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవాలి. పడుకొనేముందు ఒక గ్లాసు పాలు ఇచ్చే అలవాటు ఈ రాత్రి ఉపవాసమును తగ్గిస్తుంది.

కఠిన పథ్యము విషయములో వైద్యులు కూడా అభిప్రాయము మార్చుకొన్నారు. ఆశ్రమములలో ఉండే వృద్ధులకు “చక్కెర రోగి భోజనము” అని వేరుగా కట్టడి చేయడమువలన మేలు కన్న కీడే ఎక్కువని అమెరికా మధుమేహ సంఘమువారు 2016లో ప్రకటించారు. అనేక వ్యాధులు ఉన్న వృద్ధులలో మూడు నెలల చక్కెర సగటు 8 శాతము లోపల ఉంటే చాలునని అక్కడి సూచన. అంటే రోజూ జిలేబీ పెట్టమని కాదు. పండుగనాడు అందరితోపాటు ఒక చిన్న ముక్క తింటే పాపము చేసినట్లు చూడవద్దని. ఆకలితో ఉన్నవారికి పథ్యముకన్న ముందు పోషణ.

మూడవ సంగతి, పెట్టినది ఎందుకు తినలేకపోతున్నారో చూడడము. ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థవారు హైదరాబాదులోని 41 వృద్ధుల గృహములలో 1,182 మంది కళ్ళు పరీక్షించి 2020లో ఫలితములు ప్రకటించారు. పదిమందిలో సుమారు ముగ్గురికి చూపు మందగించి ఉన్నది. అందులో చాలావరకు శుక్లములవలన, సరియైన కళ్ళద్దములు లేకపోవడమువలన. అంటే నయము చేయదగినదే. పళ్ళెములో ఏమున్నదో కనబడని మనిషి మొహమాటపడి చాలు అంటాడు. “అమ్మమ్మా, కుడివైపు పప్పు ఉన్నది, ఎడమవైపు కూర” అని ఒక మాట చెప్పి చూడండి, మరి రెండు ముద్దలు లోపలికి పోతాయి. కట్టుడు పండ్లు వదులైనవారు గట్టి కూరలను ప్రక్కకు నెట్టి ఉత్త మజ్జిగ అన్నముతో లేస్తారు. దాహము కూడా వయసుతోపాటు మందగిస్తుంది. అడిగితే ఇస్తామని కూర్చుంటే వారు అడగరు; గంటకొకసారి మనమే గ్లాసు చేతికివ్వాలి.

కంటికి కనబడని లోపము మరొకటి ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థవారు హైదరాబాదు నగరవాసులను పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితములలో మూడవ వంతు మందికి పైగా బి-12 విటమిను లోపము కనబడినది. ఈ విటమిను పాలు, పెరుగు, గుడ్లు, మాంసములలోనే తప్ప ధాన్యములలో, కూరగాయలలో ఉండదు. పైగా చక్కెర వ్యాధికి సాధారణముగా వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర సంవత్సరముల తరబడి వాడినవారిలో ఈ లోపము పెరుగుతుంది. అరికాళ్ళ తిమ్మిర్లు, నీరసము, మతిమరపు కనబడితే ఒకసారి రక్తపరీక్ష చేయించడము మంచిది.

ఇక దాతలతో ఒక మాట. మన ప్రజల మనసు పెద్దది. పుట్టినరోజుకు, వర్ధంతికి వృద్ధుల గృహములో భోజనము పెట్టే ఆచారము చాలా మంచిది. అబిడ్స్‌లో మిఠాయి పెట్టెలు, మొజంజాహి మార్కెటు దగ్గర బిస్కెట్లు కొని ఆదివారము సాయంత్రము తీసుకొని వచ్చేవారిని మేము చూస్తూనే ఉన్నాము. కాని ఆ ఒక్క రోజు బిర్యానీ, రెండు తీపులు, ఐస్‌క్రీము. రాత్రికి కడుపు ఉబ్బరము. మరునాటినుండి యథాప్రకారము పలుచని పప్పుచారు. ఆ ఒక్క విందుకు అయ్యే ఖర్చును గుడ్ల ఖాతాలో, పాల ఖాతాలో వేస్తే ఎన్ని ఉదయములు ఆ పళ్ళెములో ఒక గుడ్డు ఉంటుందో ఇంటికి వెళ్ళి లెక్క వేసుకోండి. విందు పెట్టవద్దని మేము అనము. పెద్దవారికి పండుగ కావాలి, పలకరింపు కావాలి. విందు చిన్నది చేసి, మిగిలినది నెలంతటికి పంచమని మా మనవి. వచ్చినవారు చేయి కడుక్కొని వారి ప్రక్కన కూర్చుని భోజనము చేస్తే అది ఇంకా గొప్ప దానము. ఒంటరిగా తినేవారికన్న నలుగురిలో కూర్చున్నవారు ఎక్కువ తింటారు.

గృహములు నడుపుతున్న సోదరీమణులకు మా మనవులు నాలుగే.

మొదటిది, ప్రతి నెల మొదటి ఆదివారము అందరినీ తూకము వేసి ఒక పుస్తకములో వ్రాయండి. మూడు నుండి ఆరు నెలలలో, తగ్గాలని ప్రయత్నించకుండానే ఒంటి బరువులో 5 శాతము పోయినదంటే, అనగా 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, అది ప్రమాద ఘంట. నిలబడలేనివారికి టేపుతో కాలి పిక్క చుట్టుకొలత తీయండి. వృద్ధుల పోషణను అంచనా వేయడానికి అనేక దేశములలో వాడే ప్రశ్నావళిలో 31 సెంటీమీటర్ల కన్న తక్కువైతే అనుమానించమని ఉన్నది.

రెండవది, పళ్ళెములు కడగడానికి వెళ్ళేముందు ఎవరి పళ్ళెములో ఎంత మిగిలినదో ఒకరు చూడాలి. ఈ పని వైద్యునికన్న అంట్లు తోమే ఆయమ్మ బాగా చేయగలదు. ఆమె చెప్పే మాటకు విలువ ఇవ్వండి.

మూడవది, రాత్రి భోజనమునకు, ఉదయపు ఉపాహారమునకు నడుమ ఎడము తగ్గించండి. మాత్రలు వేయించే ముందు తిన్నారో లేదో చూడండి.

నాలుగవది, నడవగలవారిని రోజూ కొంత నడిపించండి. కుర్చీలోనుండి పదిసార్లు లేచి కూర్చోవడము కూడా వ్యాయామమే. కదలని కండకు ఎంత గుడ్డు పెట్టినా నిలువదు.

2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము, ప్రతి జిల్లాలో కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చోటిచ్చే గృహము ఉండాలని ఉద్దేశించినది. గోడలు, మంచములు ప్రభుత్వము ఇవ్వగలదు. ఎవరి పళ్ళెము నిండుగా తిరిగి వచ్చినదో చూచే కన్ను మాత్రము మనుష్యులే ఇవ్వాలి. ఈ కూటములో ఉన్నవారిలో కొందరు తూకపు యంత్రములు కొని ఇస్తామని ఇప్పటికే ముందుకు వచ్చారు. పుస్తకము ఎలా వ్రాయాలో చూపించడానికి ఏ గృహమువారు పిలిచినా మేము వస్తాము. వచ్చే నెల మొదటి ఆదివారమే ప్రారంభించుదాము.