ఇంజను తప్పు కాదు, పలక పగిలింది
(పుదుచ్చేరిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగులు కలిసి కూర్చున్న ఈ సభలో ట్రక్కు మరమ్మతు గురించి మాట్లాడమని కోరినప్పుడు మాకు కొంత సంకోచం కలిగింది. ఉదయం నుండి కరువు భత్యం, బదిలీలు, ఖాళీల భర్తీ గురించి విన్న చెవులకు ఒక ఉక్కు పలక సంగతి రుచిస్తుందా అనుకున్నాము. అయితే ఆ పలక కారణంగా ఒక కార్మికుని జీతంలో కోతపడిన వైనం ఈ పట్టణంలోనే చూశాము గనుక చెప్పక తప్పదు.

మా మిత్రుడొకరు మెయిల్ మోటార్ సర్వీసులో ఆర్టిజన్‌గా పనిచేసి విశ్రాంతి పొందినవారు. స్వస్థలం యానాం. పింఛను చాలక ఇక్కడ ఒక ప్రైవేటు షెడ్డులో చేరారు. ఆ షెడ్డుకు 1970ల నాటి షెవ్రొలే ట్రక్కు ఒకటి వచ్చింది. క్లచ్ లేని బండి, ఆటోమేటిక్ గేరుపెట్టె. ఇంజను నిలకడగా తిరుగుతున్నప్పుడు కింది నుండి టకటకమని చప్పుడు. యజమాని వినీ వినగానే బేరింగు పోయిందని తీర్పు చెప్పారు. సంపు దింపించి బేరింగులు విప్పించారు. అవి నిక్షేపంగా ఉన్నవి. తిరిగి బిగిస్తే అదే చప్పుడు. “నీవు సరిగా బిగించలేదు” అని సగం నెల జీతం పట్టుకున్నారు.

జరిగినదేమో చెప్పాలంటే యంత్రం సంగతి కొంత చెప్పాలి. క్లచ్ ఉన్న బండిలో క్రాంక్‌షాఫ్ట్ చివర బరువైన ఫ్లైవీలు ఉంటుంది. ఆటోమేటిక్ బండిలో ఆ బరువు నూనెతో నిండిన టార్క్ కన్వర్టరే మోస్తుంది గనుక దానిని, క్రాంక్‌షాఫ్ట్‌ను కలపడానికి పలుచని ఉక్కు పలక ఒక్కటే చాలును. అదే ఫ్లెక్స్‌ప్లేటు. దాని అంచున ఉన్న పళ్లను సెల్ఫ్ మోటారు పట్టుకుని ఇంజనును తిప్పుతుంది. వేడికి, నూనె ఒత్తిడికి కన్వర్టరు కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు తగినట్లు వంగడానికే ఈ పలకను పలుచగా చేశారు. రైల్వే సోదరులకు ఇది కొత్త కాదు. చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యు.డి.ఎస్.-4 షంటింగ్ ఇంజన్లలో శక్తి చక్రాలకు చేరినది నూనె ద్వారానే. జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు పొందిన సూత్రమే దీనికి మూలం. ఇక్కడ ఒక మాట: క్లచ్ పెడలు లేని బండి అంతా ఈ జాతి కాదు. ఈనాటి ఎ.ఎం.టి. వాహనాలలో పెడలు లేకపోయినా లోపల క్లచ్, ఫ్లైవీలు ఉండనే ఉంటాయి.

మా మిత్రుడు చేసిన పరీక్ష ఇది. ఒక్కొక్క స్పార్క్ ప్లగ్గు తీగను విడదీసి చూశారు. కనెక్టింగ్ రాడ్ బేరింగు చప్పుడైతే ఆ సిలిండరు వంతు వచ్చినప్పుడు సాధారణంగా తగ్గుతుంది. ఇది తగ్గలేదు. బ్రేకు నొక్కిపట్టి న్యూట్రల్ నుండి డ్రైవుకు మార్చితే మాత్రం స్వరం మారింది. గేరుపెట్టె దింపించమని పట్టుబట్టారు. పలక నడిమధ్య, క్రాంక్‌షాఫ్ట్ బోల్టుల చుట్టూ, అర్ధచంద్రాకారంగా పగులు! కింద పడుకుని చూసేవానికి అంచు కనబడునే గాని ఆ చోటు కనబడదు.

పగులు ఎందుకు వచ్చింది? ఇంజను వెనుక గేరుపెట్టెను సరిగ్గా నిలిపే డోవెల్ పిన్నులు రెండింటిలో ఒకటి లేదు. మునుపటి మరమ్మతులో ఎవరో వదిలేశారు. గేరుపెట్టె వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్లు, పలక తిరిగిన ప్రతిసారీ వంగి వంగి చివరకు పగిలింది. పిన్ను పెట్టకుండా కొత్త పలక వేసినా అదే గతి.

అసలు చిక్కు ఇక్కడ మొదలైనది. యజమాని చౌకగా ఒక పలక తెప్పించారు. దాని బోల్టు రంధ్రాలు కలవలేదు. ఈ చిన్న వి-8 ఇంజనుకు 1985 వరకు క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీలు రెండు ముక్కలది, రంధ్రాల వలయం 3.58 అంగుళాలు, 1986 నుండి సీలు ఒకే ముక్క, వలయం 3 అంగుళాలు. పైగా కొత్త రకపు పలకకు తూకపు బరువు అతికించి ఉంటుంది. పాత 350 ఇంజనుకు అది పనికిరాదు. బండి కంపించి కంపించి వెనుక బేరింగును తినివేస్తుంది. అదే వంశపు 400 ఇంజను పలకతోనూ ఇదే ప్రమాదం, చూపులకు మాత్రం కవలలే. పళ్లు కూడా లెక్కపెట్టాలి: 153 పళ్లదైతే వ్యాసం సుమారు 12¾ అంగుళాలు, 168దైతే 14⅛. సెల్ఫ్ మోటారు దానికి తగినదే కావాలి. కన్వర్టరు బోల్టుల దూరం సరేసరి.

“రంధ్రాలు ఆకురాయితో అరగదీసి బిగించు” అన్నారు యజమాని. మా మిత్రుడు బిగించనన్నారు. నిమిషానికి మూడు, నాలుగు వేల చుట్లు తిరిగే పలక చెదిరితే అది డ్రైవరు కాళ్ల పక్కనే చెదురుతుంది. డ్రైవరు ఎవరో ఆయనకు తెలియదు. అయినా కాదన్నారు, ఉద్యోగం పోతుందని తెలిసి. సంఘం లేని షెడ్డులో కాదనడం ఎంత కష్టమో ఈ సభకు మేము చెప్పనక్కరలేదు.

సరైన పలక మూడు వారాలకు వచ్చింది. బ్యాటరీ తీగ విప్పి, బండిని జాకీ మీద గాక స్టాండ్ల మీద నిలిపి పని చేశారు. ఈ ఒక్క విషయంలో పొరపాటుకు ప్రాణమే మూల్యం. క్రాంక్‌షాఫ్ట్‌కు కొత్త బోల్టులు వాడి, కంపెనీ పుస్తకం చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగించారు. గేరుపెట్టె కలిపిన తరువాత కన్వర్టరు చేతితో తిరుగుతూ, పలకకు దానికి నడుమ 3 నుండి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఖాళీ లేదంటే కన్వర్టరు లోపల సరిగా కూర్చోలేదన్నమాట. అట్లే బోల్టులు బిగిస్తే నూనె పంపు విరుగుతుంది.

చప్పుడు పోయింది. బండి పోయింది. సగం నెల జీతం మాత్రం నేటి వరకు తిరిగి రాలేదు. దానికై వ్రాసిన అర్జీ మా వద్ద ఉన్నది, సభ్యులు చదివి సవరణలు చెప్పగోరుతున్నాము. పగిలిన పలకను మా మిత్రుడు పారవేయలేదు. ఈ బల్ల మీద ఉన్నది అదే. భోజనానికి లేచేటప్పుడు దగ్గరకు వచ్చి చూడండి. పగులు మీద వేలు మాత్రం పెట్టవద్దు, అంచు కోస్తుంది.