స్పృశింపక కొలుచుట: సజీవ కణజాలముల విద్యుద్వాహకత



ఎవరి స్మృత్యర్థమీ యుపన్యాసము నెలకొల్పబడినదో ఆ పూజ్యులు బోధను శక్కర్‌నగరులోని నిజాము చక్కెర కర్మాగారపు ప్రయోగశాలలో రసాయనికులు. 1931లో పూర్తియైన నిజాంసాగరపు కాలువలు ఈ నేలను చెరకు నేలగా మార్చగా, 1937లో వెలసి, 2015లో గానుగ ఆగిన ఆ కర్మాగారములో వారు దినదినమును చేసిన పనులలో నొకటి చక్కెరలోని బూడిదను, అనగా ఖనిజ లవణాంశమును, నిర్ణయించుట. దానికి చక్కెరను కాల్చి బూడిద తూచుట పాత పద్ధతి. శుద్ధమైన చక్కెర నీటిలో కరిగినను విద్యుత్తును మోయదు; మోసెడివి దానితో మిగిలియున్న లవణముల అయానులే. కావున 100 గ్రాముల ద్రావణమున 28 గ్రాముల తెల్లచక్కెర యుండునట్లు కరిగించి, రెండు ఎలక్ట్రోడులు ముంచి, 20 డిగ్రీలయొద్ద వాహకతను చూచినచో లవణాంశము తెలియవచ్చును. నేటి నా విషయమును ఇంతకంటె చక్కగా ప్రారంభింపగల ఉదాహరణము నాకు మరియొకటి లేదు. ఏలయన మానవదేహముకూడ లవణజలమయమే, దానినిగూర్చి వైద్యుడడుగదలచిన ప్రశ్నయు లవణమెంత యనునదియే.

అయితే సజీవమైన మెదడులో ఎలక్ట్రోడు ముంచుటెట్లు? 1996లో కమీలియా గాబ్రియేలును ఆమె సహచరులును ప్రకటించిన కణజాల వాహకతా పట్టికలు, నేటికిని ప్రపంచమంతటను ఆధారముగా గొనబడుచున్నవి, అధికముగా దేహమునుండి వేరుపరచిన కణజాలములపై చేసిన కొలతలు. రక్తప్రసారము నిలిచి, నీరు తరిగి, ఉష్ణము మారిన మాంసము బ్రదికియున్న మాంసమువలెనే ప్రవర్తించునని నమ్ముటకు వీలులేదు. వ్యాధిగ్రస్తుడైన ఒకానొక మనుష్యుని దేహములో, ఆతడు బ్రదికియుండగనే, గాయపరుపక ఈ గుణమును కొలువవలెనన్నదే సమస్య.

దీనికి మార్గము ఎం.ఆర్.ఐ. యంత్రములోనే దాగియున్నది. ఒక టెస్లా క్షేత్రమున హైడ్రోజను కేంద్రకములు సెకనుకు 42.58 మిలియను మారులు భ్రమణము చేయును. మూడు టెస్లాల యంత్రములో ఇది దాదాపు 128 మెగాహెర్ట్‌జులగును. ఆ కేంద్రకములను కదలించుటకై యంత్రము అదే పౌనఃపున్యముగల రేడియో క్షేత్రమును దేహములోనికి పంపును. గాలిలో రెండు మీటర్లకు మించిన ఆ తరంగము నీటితో నిండిన దేహములో దాదాపు పావు మీటరుకు కుదించుకొనును. మార్గమధ్యమున అది కణజాలములలో సూక్ష్మ విద్యుత్ప్రవాహములను రేపును. ఆ ప్రవాహములు తిరిగి క్షేత్రమునే మార్చును. కణజాలపు వాహకత ముఖ్యముగా క్షేత్రముయొక్క దశను వంచును. రోధక గుణము ముఖ్యముగా దాని పరిమాణమును వంచును. కావున క్షేత్రమే తీరున వంగినదో చూపగలిగినచో, వంచినదేదో గణితముచే తిరిగి పట్టవచ్చును. చిత్రమునకు దోషమని రేడియాలజిస్టులు విసుగుకొనెడి అసమానతయే ఇచ్చట సాక్ష్యమైనది. ఈ విద్యలో నాకు మిక్కిలి ప్రియమైన అంశమిదియే.

ఈ తలంపును 1991లో హాకే మొదలగువారు ప్రకటించిరి. 2003లో హాన్ వెన్ దానిని బలపరచెను. 2009లో ఉల్‌రిచ్ కాట్షర్ మొదలగువారి కృషితో అది ఆచరణయోగ్యమైన పద్ధతిగా రూపొందినది. ఎం.ఆర్.ఐ.కి ఆధారమైన అనునాదవిద్య మనకు పరాయిది కాదు. వాల్తేరున ఆచార్య కె. రంగధామరావుగారు కేంద్రక చతుర్ధ్రువ అనునాదమున శిష్యులచే పరిశోధనలు నడపించిన సంగతి నేటి విద్యార్థులలో కొందరైనను ఎరుగవలయును.

128 మెగాహెర్ట్‌జులయొద్ద మస్తిష్క మేరుద్రవపు వాహకత మీటరుకు దాదాపు 2.1 సీమెన్సులు, బూడిదవర్ణ పదార్థమునకు 0.59, శ్వేతపదార్థమునకు 0.34. ఈ పౌనఃపున్యమున ప్రవాహము కణపు పొరను దాటిపోవుటచే, కొలత పొరలను గాక లోపలి వెలుపలి నీటిని, సోడియము మొదలగు అయానులను ప్రధానముగా తెలుపును. అర్బుదములలో అనేకములయందు నీరును సోడియమును అధికమగుటచే వాహకత పెరుగునని మెదడు, రొమ్ము వ్యాధిగ్రస్తులలో పరిశోధకులు చూచియున్నారు. రేడియో తరంగములచే దేహమెంత వేడెక్కునో అంచనా కట్టుటకును ఈ పటములు పనికివచ్చును.

ఇంతవరకు చెప్పినది ఆశ. దీనితోబాటు చెప్పవలసిన కష్టమొకటి కలదు, దానిని దాచుట శ్రోతలయెడ ద్రోహము. వంపును కనుగొనవలెనన్న దశాపటమునకు రెండవ అవకలజము కట్టవలెను. రెండుమారులు అవకలనము చేసినచో కొలతలోని అల్పమైన చాంచల్యము కూడ కొండంతగా పెరుగును. దానిని నునుపు చేసినయెడల, చిన్న వ్రణమే మాసిపోవును. అదిగాక, మూల సూత్రము కణజాలమంతటను గుణమొక్కటియేయని భావించును. మేరుద్రవమును మెదడు పదార్థమును కలిసెడి అంచులయొద్ద, అనగా వైద్యుని కన్ను ముఖ్యముగా నిలుచు చోట్లనే, అది తప్పుడు విలువల నిచ్చును. పంపునప్పటి దశయు, గ్రహించునప్పటి దశయు కలగలిసి వచ్చుటచే వాటిని సగముగా విభజించుకొనుటయు నొక ఊహయే. కాబట్టి ఒక రోగి విషయమై ఈ పటమునొక్కదానినే నమ్మి తీర్పు చెప్పు దినము ఇంకను రాలేదని నా దృఢాభిప్రాయము.

అట్టి దినమును సమీపింపజేయునది విలువ ముందుగా తెలిసిన మాదిరివస్తువు. పరిశోధకులు దానిని ఫాంటమ్ అందురు. దానిని చేయు విధమును చూడుడు. శుద్ధజలపు సాపేక్ష రోధక స్థిరాంకము ఎనుబదికి సమీపము. కణజాలములలో పెక్కింటిది అంతకు తక్కువ. దానిని దింపుటకు చక్కెర కలుపుదురు. వాహకతను పెంచుటకు ఉప్పు కలుపుదురు. కదలకుండుటకు అగరుతో గట్టిపరుతురు. బూజు పట్టకుండ రక్షకద్రవ్యము చేర్తురు. చక్కెర చిక్కదనము అయానుల నడకను మందగింపజేయును గనుక, ఉప్పును అందుకు తగినట్లు సవరింపవలెను. శక్కర్‌నగరు ప్రయోగశాలలో మన పూజ్యులు ఏ రెండు ద్రవ్యముల విద్యుత్స్వభావభేదముపై ఆధారపడిరో, మెదడును పోలిన మాదిరివస్తువునకును ఆ రెండే మూలద్రవ్యములు.

డిచ్‌పల్లిలో 2006లో వెలసిన తెలంగాణ విశ్వవిద్యాలయమునందలి భౌతికశాస్త్ర విద్యార్థులును, 2013లో వెలసిన నిజామాబాదు ప్రభుత్వ వైద్యకళాశాల విద్యార్థులును కలిసి ఇట్టి మాదిరివస్తువుల సీసాలు సిద్ధపరుపవచ్చును. ఒక్కొక్కదానిలో ఉప్పు, చక్కెరల పాళ్లు మార్చి, వాహకతామాపకముతో మొదట కొలిచి వ్రాసి, పిదప ఏ ఆసుపత్రి యంత్రములో అనుమతి దొరికిన అందులో చిత్రింపజేయుడు. మాపకము చూపునది చాల తక్కువ పౌనఃపున్యపు విలువ, మూడు టెస్లాల యంత్రము చూపునది 128 మెగాహెర్ట్‌జుల విలువ. ఈ రెంటి భేదమును లెక్కకు దెచ్చుట మీ మొదటి అభ్యాసము. ఉప్పునీటి వాహకత డిగ్రీకి సుమారు రెండు శాతము పెరుగును గనుక, మే నెల ఎండలో తెచ్చిన సీసాను చల్లని యంత్రపు గదిలో రాత్రియంతయు నుంచి, థర్మామీటరు చూచి, ఆ అంకెను పటముపైననే వ్రాయుడు.