మతిలేనోళ్ళం కాదు

(జనవరి 3, సావిత్రీబాయి ఫూలే జయంతి సందర్భంగా వాడలో జరిగిన ఆడవాళ్ళ సభలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



సావిత్రీబాయి గురించి పొద్దుటి నుంచీ చాలామంది చెప్పారు. బడికి పోయేటప్పుడు ఆమె మీద పేడ, మట్టి విసిరారని, ఆమె ఇంకో చీర వెంట పెట్టుకుని పోయేదని విన్నారు. మేం అవి మళ్ళీ చెప్పం. ఆమె తెరిచిన బడిలోకి ఇన్నేళ్ళకి మన ఆడపిల్లలు పోతున్నారు. పోయినవాళ్ళలో కొందరు మధ్యలో ఎందుకు రాలిపోతున్నారు? పేదరికం, పెళ్ళి, కులం. ఈ మూడూ మనకి తెలుసు, ప్రతి సభలో మాట్లాడుకుంటాం. నాలుగోది ఒకటుంది. ఆ మూడింటి చాటున దాక్కుని ఉంటది కాబట్టి కనపడదు. దాన్ని డాక్టర్లు ఏడీహెచ్‌డీ అంటారు. అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్. ఆ పేరుకి నోరు తిరగదు, మాకూ మొదట్లో తిరగలా. వాడలో దానికి వేరే పేర్లున్నాయి. మొద్దు. సోంబేరి. మతిలేనిది.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మేం టీచరైన కొత్తల్లో, పద్ధెనిమిదేళ్ళ కిందట, ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మన గూడెం పిల్లే. కిటికీ పక్కన కూర్చునేది. అల్లరి లేదు. పాఠం మధ్యలో లేపి అడిగితే ఏ పేజీలో ఉన్నామో తెలిసేది కాదు. లెక్క సగం దాకా తప్పు లేకుండా చేసి, అక్కడే వదిలేసేది. పెన్ను పారేసేది, నోటుబుక్కు ఇంట్లో మర్చిపోయేది. స్కాలర్‌షిప్పు కాగితం మీద వాళ్ళ నాయన వేలిముద్ర వేయించుకు రమ్మంటే నాలుగు రోజులు ఉత్త చేతులతో వచ్చింది. అదే పిల్ల, వాళ్ళ అవ్వ చెప్పిన కథ చెప్పమంటే ఒక్క మాట పొల్లు పోకుండా గంటసేపు చెప్పేది.

మేమేం చేశాం? 'మీ అమ్మ ఎండలో మిరపకాయలు కోసి చదివిస్తుంటే నీకు సిగ్గు లేదా' అని క్లాసు బయట నిలబెట్టాం. రెండు దెబ్బలు కూడా వేశాం. ఆ రోజు స్టాఫ్ రూములో పెద్దకులం సారొకాయన 'వాళ్ళకి చదువు తలకెక్కదులే మేడం' అన్నాడు, మేం ఎవరమో మర్చిపోయి. మాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన్ని ఏమీ అనలేక ఆ కోపం పిల్ల మీద తీర్చుకున్నాం. ఆయన మాట నిజం కాకూడదని కొట్టాం. పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు అని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో రాసింది 2009లో. అప్పటికింకా చట్టం రాలేదని చెప్పి మా తప్పు మాఫీ అవదు. తొమ్మిదో తరగతిలో ఆ పిల్ల బడి మానింది. పదహారేళ్ళకే పెళ్ళి చేశారు. పోయిన సంక్రాంతికి బజార్లో కనపడి 'మేడం, బాగుండారా' అని నవ్వింది. మిరప కోతలకి పోతా ఉందంట.

ఇక మా సంగతి. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది మేమే. కాబట్టి మాకేదీ మర్చిపోయే హక్కు లేదనుకున్నాం. బయటికి మేడం. ఇంట్లో చూస్తే పాలు పొంగిపోతుంటాయి, బండి తాళం బియ్యం డబ్బాలో దొరుకుద్ది, కరెంటు బిల్లు డబ్బులు చేతిలో ఉండి కూడా ఫైను కడతాం. దిద్దాల్సిన పేపర్లు ఆఖరి రాత్రి తెల్లవార్లూ కూర్చుని దిద్దుతాం. ఎదుటివాళ్ళు మాట పూర్తి చెయ్యకముందే అందుకుంటాం. చిన్న మాటకి ఏడుపొస్తది. ఇవన్నీ ఎవరికీ తెలియకుండా దాచడానికి పక్కవాళ్ళకంటే రెట్టింపు పని చేసేవాళ్ళం. దాచీ దాచీ నిద్ర పోయింది. మూడేళ్ళ కిందట పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పోతే ముందు డిప్రెషన్ అన్నారు. అదీ ఉంది. ఆ తర్వాత ఒక డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చుని, 'మీ చిన్నతనం చెప్పండి, మీ అమ్మని తీసుకురండి' అంది. మా అమ్మ వచ్చి చెప్పింది: 'ఇది నీళ్ళకి పోతే బిందె బావికాడే వదిలేసి ఉత్త చేతుల్తో వచ్చేదమ్మా. ఏందే అంటే, తూనీగని చూశానే అనేది.' డాక్టరమ్మ నవ్వలేదు, రాసుకుంది. మాకప్పుడు 41 ఏళ్ళు.

దీనికి ధ్యాస లోపం అని పేరు పెట్టారు గానీ, ధ్యాస మన చెప్పుచేతల్లో ఉండదు అంటే సరిపోద్ది. నచ్చిన పని దొరికితే కూడూ నీళ్ళూ మర్చిపోయి నాలుగు గంటలు కూర్చుంటాం. నచ్చని పని ఎంత అవసరమైనా ఐదు నిమిషాలు పట్టుకోలేం. అందుకే చూసేవాళ్ళకి ఒళ్ళు బరువులాగా కనపడుద్ది. ధ్యాసని నిలబెట్టే, పనికి పురమాయించే మెదడు భాగాలు ఎదిగే తీరులో, డోపమిన్ లాంటి రసాయనాల నడకలో తేడా ఉంటదని డాక్టర్లు చెప్తున్నారు. ఇది చిన్నప్పటి నుంచే ఉంటది. పెంపకం వల్ల రాదు, గ్రహణం వల్ల రాదు. ఇంట్లో ఒకరికుంటే ఇంకొకరికి ఉండే అవకాశం ఎక్కువ. కవలల మీద చేసిన పరిశోధనల్లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో నూటికి 70 నుంచి 80 పాళ్ళు వంశపారంపర్యమని తేలింది. ఈ మాట జాగ్రత్తగా వినాలి. వంశమంటే కులం కాదు. ఇది అగ్రహారంలోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. రేపెవరన్నా 'చూశారా, వాళ్ళ రక్తంలోనే ఉందంట' అంటే ఊరుకోవద్దు. తేడా ఎక్కడంటే, పెద్దింటి పిల్ల మర్చిపోతే 'పరధ్యానం, సున్నితమైన పిల్ల' అంటారు. మన పిల్ల మర్చిపోతే కులం పేరెత్తుతారు.

మరి ఆడవాళ్ళలో ఇది ఇన్నాళ్ళూ ఎందుకు కనపడలేదు? 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఆయన కూడా దాన్ని నైతిక అదుపు లోపం అన్నాడు. అంటే డాక్టర్లూ మొదట్లో గుణం తప్పుగానే చూశారు. ఆ తర్వాత చాలాకాలం బెంచీలెక్కి దూకే మగపిల్లల్నే చూశారు. దూకకుండా కిటికీలోంచి చూస్తా కూర్చునే పిల్లకి కూడా ఇది ఉండొచ్చని అమెరికా మానసిక వైద్యులు తమ పుస్తకంలో రాసుకున్నది 1980లో. ఆడపిల్ల నెమ్మదిగా కూర్చుంటే టీచరుకి ఇబ్బంది లేదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. లోపల మనసు మాత్రం పది దారుల్లో పరిగెత్తుతా ఉంటది.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిన్‌షా అనే ఆచార్యుడి బృందం 1997 నుంచి ఈ లక్షణాలున్న 140 మంది ఆడపిల్లల్ని, లేని 88 మందిని ఏళ్ళ తరబడి గమనించింది. ధ్యాస నిలవకపోవడం, స్థిమితం లేకపోవడం రెండూ ఉన్న పిల్లల్లో, వయసొచ్చేసరికి నూటికి 22 మంది ప్రాణం తీసుకోబోయారని 2012లో ప్రకటించారు. లేనివాళ్ళలో అది 6. పొద్దున లేస్తే తిట్లు తినే పిల్ల తన మీద తనే కసి పెంచుకుంటది.

అయితే ఒక మాట. పరధ్యానంగా ఉన్న ప్రతి పిల్లకీ ఇదే ఉందని మేం చెప్పడం లేదు. పొద్దున తినకుండా వచ్చిన పిల్లకి పాఠం ఎక్కదు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా, చూపు ఆనకపోయినా, చెవి వినపడకపోయినా ఇలాగే ఉంటది. రాత్రి నాయన తాగొచ్చి అమ్మని కొడితే తెల్లారి ఆ పిల్ల బోర్డు వైపు చూస్తదా? క్లాసులో కులం పేరుతో ఎగతాళి చేస్తే, ఆ పిల్ల మనసు బయటికి పారిపోవడం జబ్బు కాదు. అక్కడ మందు వెయ్యాల్సింది క్లాసుకి. కాబట్టి ముందు ఇవన్నీ చూడాలి. డాక్టర్ల లెక్క ప్రకారం పన్నెండేళ్ళ లోపే లక్షణాలు మొదలై ఉండాలి, ఆర్నెల్లకు మించి ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా కనపడాలి, వాటివల్ల బతుకు దెబ్బతింటూ ఉండాలి. ఫోను చూసి ఎవరికి వాళ్ళు తేల్చుకునేది కాదు.

ఇక పెళ్ళైన ఆడదాని సంగతి. ఇంటిపని ఎలాంటిది? పొద్దున లేస్తే ఇరవై చిన్న పనులు, ఏదీ పూర్తవదు, జీతం లేదు, అన్నీ ఒక్కతే గుర్తు పెట్టుకోవాలి. ఈ లక్షణమున్న మనిషికి దీనికి మించిన శిక్ష లేదు. అదే లక్షణం మగాడికుంటే చొక్కా, చెప్పులు, బండి తాళం అన్నీ భార్య అందిస్తది. వెనక నిలబడ్డ అన్నలు నవ్వుతున్నారు, నవ్వండి. ముట్టుకి ముందు రోజుల్లో, ముట్లు ఆగిపోయే వయసులో ఇది ఎక్కువైతదని చాలామంది ఆడవాళ్ళు చెప్తారు. దానిమీద పరిశోధన ఇప్పుడిప్పుడే జరుగుతా ఉంది. డ్వాక్రా గ్రూపులో కంతు తేదీ మర్చిపోయిన అక్కని 'ఎగ్గొట్టేది' అనే ముందు, డబ్బు లేక మర్చిపోయిందా, ఉండీ మర్చిపోయిందా అని ఒకసారి అడగండి.

మరి బతికేదెట్లా? మా అమ్మని చూసి నేర్చుకున్నది చెప్తాం. ఆమెకి పరీక్ష చేయించలా, మా నమ్మకం ఆమెకీ ఉందని. ఇంట్లో ఒక్కతే ఉంటే పొయ్యి మీద కూర మాడ్చేది. చేలో మునుం పట్టిందంటే మాత్రం ఎప్పుడూ వెనకపడలా. ఎందుకు? పక్కన పది మంది ఉంటారు, ముందు వరస కనపడతా ఉంటది, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలుసు. అదే ఇంట్లోకి తెచ్చుకున్నాం. పేపర్లు దిద్దేటప్పుడు పక్కింటి చెల్లెల్ని వచ్చి కూర్చోమంటాం, ఆమె బీడీలు చుట్టుకుంటది, మేం దిద్దుకుంటాం. మాటలుండవు, పని అయిపోద్ది. తాళానికి గుమ్మం పక్కన ఒక్కటే మేకు. కులం సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం అన్నిటికీ ఒకటే రేకు పెట్టె, అందులోంచి తీసింది అందులోనే. తేదీలు గోడ మీద సుద్దతో రాస్తాం. పొయ్యి మీద ఏది పెట్టినా ఫోనులో అలారం. పిల్లలకైతే పది లెక్కలు ఒకేసారి ఇవ్వొద్దు, రెండివ్వండి, చూడండి, మళ్ళీ రెండివ్వండి. ముందు బెంచీలో కూర్చోబెట్టండి, శిక్షగా కాదు.

మందులున్నాయి. మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సిటీన్ అని మన దేశంలో వాడతారు. చాలామందికి బాగా పనిచేస్తాయి, అందరికీ కాదు. ఆకలి తగ్గొచ్చు, నిద్ర చెడొచ్చు, గుండె వేగం, బీపీ పెరగొచ్చు. అందుకే డాక్టరు చూస్తా ఉండాలి. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పాలి. ఒకరి మాత్ర ఇంకొకరు మింగొద్దు. మాకు మందు పడిన కొత్తల్లో, ఒక పేజీ మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారే చదివాం. ఆ రోజు ఏడ్చాం, సంతోషం సగం, ఇన్నేళ్ళు పోయాయే అని సగం.

ఎక్కడికి పోవాలి? ఎర్రగడ్డ అనీ, వైజాగు పిచ్చాసుపత్రి అనీ తిట్టుగా వాడటం మన నోళ్ళకి అలవాటైంది. ఆ తిట్టు మానితే దారి సగం తెరుచుకుద్ది. మానసిక వైద్యం సర్కారు దవాఖానాలో పొందడం హక్కని 2017 చట్టం చెప్తా ఉంది. 14416కి ఫోను చేస్తే టెలి మానస్ వాళ్ళు పలుకుతారు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రయినా సరే. 2022 అక్టోబరులో మొదలైంది. బడి పిల్లలకైతే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. దాని కింద చూడాల్సిన 30 రకాల సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. బృందం బడికి వచ్చినప్పుడు మనం నోరు తెరిచి చెప్పాలి. నెమ్మదిగా కూర్చునే పిల్ల దానంతటది ఎవరి కంటా పడదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాలు రాశారు గానీ ఏడీహెచ్‌డీ పేరు లేదు. చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే అభ్యసన వైకల్యం ఉంది. రెండూ కలిసి ఉన్న పిల్లలున్నారు, కాబట్టి అది కూడా చూడమని అడగండి. సర్టిఫికెట్టు వస్తే పరీక్షలో అదనపు టైము అడగొచ్చు. ఏడీహెచ్‌డీ పేరు కూడా చట్టంలో చేర్చమని సంఘం అర్జీ పెట్టాలని మా కోరిక.

ఆఖరుగా ఒక పని ఉంది. ఇలాంటి పిల్లే ఇప్పుడు పదో తరగతిలో ఉంది. ఏ ఊరో చెప్పం. మార్చిలో పరీక్షలు. సంక్రాంతి దాటగానే మిరప కోతలు ముదురుతాయి, 'దానికి చదువు ఎట్లాగూ రాదు, కోతలకి పంపుతాం' అంటున్నారు ఇంట్లోవాళ్ళు. రేపు ఆ ఇంటికి పోతున్నాం. డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి ఒప్పించాలి, మార్చి దాకా ఆపమని అడగాలి. ఆ పిల్ల కోతలకి పోని రోజుల కూలి ఎంతో వాళ్ళు లెక్క చెప్తారు, దానికి జవాబు కూడా మన దగ్గర ఉండాలి. మేమొక్కళ్ళమే పోతే మేడం వచ్చిందని మంచం వేసి మర్యాద చేసి పంపేస్తారు. సంఘం నుంచి ఇద్దరు పెద్దమ్మలు వెంట రావాలి, కోతలకి పోయినవాళ్ళైతే ఇంకా మంచిది. పొద్దున ఏడింటికి బస్టాండు దగ్గర ఉంటాం. మేం మర్చిపోతామని భయపడొద్దు. అలారం పెట్టాం, పక్కింటి చెల్లెలికి కూడా చెప్పాం.

జై భీం.