పక్షిదర్శనమునకు ఇరువురు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పక్షులను చూచుచు ఒక దినమెల్ల గడపుట పనిలేనివారి పనియని కొందరి తలంపు. కాని ఆ పనికి రెండు జతల కన్నులు కావలెను. ఒక జత పుస్తకమును చదివినది. వేరొక జత పొలమును చదివినది. ఈ రెండును కలిసిన చోట ఎట్టి ఫలము లభించునో తెలుపుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఒక గ్రామమున ఇరువురు బాల్యమిత్రులు కలరనుకొందము. ఒకడు గ్రంథాలయమున పక్షిశాస్త్రము చదివినవాడు, రెండవవాడు పసులకాపరి. చైత్రమాసమున తెలతెలవారుచుండగా ఇరువురును చెరువుకట్టకు బయలుదేరుదురు. తెల్లని బట్టలు ధరింపరు. సూర్యుని వెనుకకు ఉంచుకొని నడతురు. మాటలకు మారుగా చేసైగలు చేసికొందురు.

బీడులో మేయుచున్న ఎనుము వీపుపై తోక చీలిన నల్లని పిట్ట యొకటి కూర్చుండును. చదువరి పుస్తకపు పుటలు త్రిప్పుచుండగనే, "ఏమోయి, పసులపోలిగాని నెరుగవా?" యని కాపరి నవ్వును. పశువుల గిట్టల అలికిడికి లేచు మిడుతలను పట్టుటకే అది అచ్చట కాచియుండుననియు, తన గూటి దాపునకు వచ్చిన కాకిని, గద్దను సైతము తరిమికొట్టుననియు అతడెరుగును.

కొంతదూర మేగునప్పటికి తీతువు అరచుచు వారి తలలపై తిరుగును. చదువరి అడుగు ముందుకు వేయబోవ, కాపరి చేయిపట్టి ఆపును. మూరెడు దూరమున, గులకరాళ్ల నడుమ, ఆ రాళ్లవంటివే నాలుగు గ్రుడ్లు! ఇప్పుడు చెప్పుట చదువరి వంతు. ఆ రంగే గ్రుడ్లకు కాపు. ఎండ ముదిరినప్పుడు తల్లిపక్షి పొట్ట ఈకలను నీట తడిపికొని వచ్చి వానిని చల్లబరచును. మనుష్యులు నిలిచియున్నంతసేపు అది గ్రుడ్లను చేరజాలదు. ఇది విని కాపరి తానే ముందుగా వెనుకకు మరలును. ఆనాటినుండి అతని మంద ఆ త్రోవను పోదు.

ఇది ఊహయే యందురేమో. ఇందుకు నిదర్శనము తెలుగునాటనే కలదు. కలివికోడి యను పక్షి జెర్డాన్ అను ఆంగ్ల వైద్యుని మూలమున 1848లో శాస్త్రలోకమునకు తెలిసెను. 1900 తరువాత అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. జాతియే నశించినదని పెక్కురు తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు ఆ పక్షి బొమ్మను చేతబట్టి పల్లెలలో విచారించిరి. కడప జిల్లా సిద్ధవటము ప్రాంతమున ఐతన్న యను వేటగాడు 1986 జనవరిలో, రాత్రివేళ, టార్చిదీపపు వెలుగున ఒక పక్షిని పట్టెను. ఆ సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అది కలివికోడియేయని నిర్ధారించెను. పగలు పొదలలో అణగియుండి రాత్రి సంచరించు పక్షిని పగటివేళ వెదకిన ప్రయోజనమేమి? ఆ సంగతి వేటగాని కెరుక. దాని విలువ శాస్త్రజ్ఞుని కెరుక. పట్టుబడిన పక్షి జీవింపలేదు గాని జాతి జీవించియున్నదని లోకమునకు తెలిసెను. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. తరువాతి కాలమున ఆ పొదల రక్షణకై తెలుగుగంగ కాలువ మార్గమును సైతము మార్చిరి. అయినను ఆ పక్షి దర్శనము నేటికిని మిక్కిలి దుర్లభము.

కలివిపొదల నడుమ తిరుగునది కావున కలివికోడి యైనది. పల్లెవారి పేరులోనే దాని నివాసము కలదు. అట్టి పేరు మరుగుపడిన నాడు ఆ పక్షిని వెదకు త్రోవయు మరుగుపడును. నేడు పసులపోలిగాడను పేరెరిగిన బాలురెందరు? ఆ పేరు పలుకు వృద్ధులు గతించిన పిదప దానిని ఎవరినడిగి వ్రాసికొందురు?

భూమికి అడంగలు కలదు. ఏ నెంబరున ఏ పైరున్నదో అందు తెలియును. ఊరి పక్షులకును అట్టి లెక్క యొకటి ఈ గ్రంథాలయమున నుండదగును. తేది, వేళ, చోటు, పుస్తకములోని పేరు, ఊరివారు పిలుచు పేరు: ఈ ఐదు గడులు చాలును. చదువు నేర్చిన బాలుడొకడు, పొలమెరిగిన పెద్దయొకడు కలిసి నెలకొక దినము వెళ్లివచ్చిన చాలును. గూటిని తాకరాదు, గ్రుడ్డును ఎత్తరాదు, చూచినదే వ్రాయవలెను, చూడనిది వ్రాయరాదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఇతరులు వ్రాసిన పుస్తకములను భద్రపరచినది. ఇకమీదట ఈ ఊరు తానే వ్రాసిన పుస్తకమొకటి ఆ బీరువాలో చేరుగాక!