పేరు తెలియని హోటలుకి పాట

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు నేను పాట గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. పాట అనగానే లలిత సంగీతం అనుకునేరు, అది కాదు. చీటీ పాట, చేపల చెరువు పాట అంటామే, ఆ పాట. యూరపులో హోటలు గదుల కోసం మేం పాట పాడిన సంగతి అన్నమాట.

మాది పాతపట్నం. ఒరిస్సా సరిహద్దు, పక్కనే పర్లాకిమిడి. మా అత్తగారు పూరీ, కాశీ తప్ప ఇంకో ఊరు ఎరగరు. 2016 వేసవిలో ఆవిడా, మావారూ, నేనూ పారిస్, ఆమ్‌స్టర్‌డాం, రోము చూసి వచ్చాం. డబ్బు ఎక్కడిదంటారా? నాలుగేళ్లు కట్టిన చీటీ. విమానం టిక్కెట్లకి, వీసాలకి, రైళ్లకి, తిండికి తీసి పక్కన పెట్టగా, పదకొండు రాత్రులు తల దాచుకోడానికి మిగిలింది లక్షా యాభై వేలు. అప్పట్లో యూరో దాదాపు 75 రూపాయలు, డాలరు 67. మామూలు ధర పెట్టి మంచి హోటళ్లలో దిగితే ఈ డబ్బు చాలదు. అందుకని న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు ఈ పాట సంగతి ఎత్తాడు.

ముందు అసలు పద్ధతి చెబుతాను. అమెరికాలో ప్రైస్‌లైన్ అనే కంపెనీ 1998లో 'మీ ధర మీరే చెప్పండి' అని ఇంటర్నెట్టులో ఒక బేరం మొదలుపెట్టింది. ఊరు చెప్పాలి, ఊళ్లో ఏ పేటలో కావాలో చెప్పాలి, ఎన్ని నక్షత్రాల హోటలో చెప్పాలి, రాత్రికి ఎంత ఇస్తామో చెప్పాలి. హోటలు పేరు మాత్రం వాళ్లు చెప్పరు. కార్డు నెంబరు ముందే ఇచ్చేయాలి. మన ధరకి ఏ హోటలైనా ఒప్పుకుందా, ఆ క్షణంలోనే డబ్బు కోసుకుంటారు. అప్పుడు బయటపడుతుంది పేరు. ఇక రద్దు లేదు, తేదీ మార్పు లేదు. ఒప్పుకోకపోతే మళ్లీ అదే పాట పాడాలంటే ఒక రోజు ఆగాలి. లేదా ఇంకో పేట కలపాలి, లేదా నక్షత్రాలు మార్చాలి. పాడిన ధర మీద పన్నులు, వాళ్ల రుసుము వేరే పడతాయి. ఇది చాలామంది మరిచిపోతారు.

నాలుగు నక్షత్రాల హోటలువాడికి సగం ధరకి ఇవ్వవలసిన గతి ఏమిటని నేనూ అడిగాను. తరవాత మా సంత గుర్తొచ్చింది. సాయంత్రం ఆఖరి బస్సు వేళకి వంకాయలమ్మి గంపలో ఇంకా మూడు కిలోలు మిగిలి ఉంటాయి. "ఇంకేటి సేస్తాను, మోసుకెల్లలేను, పదికి పట్టుకెల్లమ్మా" అంటుంది, అదీ గొంతు తగ్గించి. ఎందుకంటే పొద్దున్న ఇరవైకి కొన్నావిడ పక్క గంప దగ్గరే నిలబడి ఉంటుంది. హోటలు గదీ అంతే. ఈ రాత్రి ఖాళీగా పోయిన గదిని రేపు అమ్ముకోలేడు. అలాగని ధర తగ్గించానని బోర్డు పెడితే పూర్తి ధర ఇచ్చేవాళ్లు ఊరుకోరు. అందుకే పేరు దాచుకుని అమ్ముతాడు.

చీటీ వేసినవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. పాటలో ఎవరి అవసరం ఎక్కువైతే వాళ్లే ఎక్కువ వదులుకుంటారు. పిల్ల పెళ్లి నెలలో పాడినావిడ ఎంత పోగొట్టుకుంటుందో, ఆగగలిగినావిడకి ఎంత మిగులుతుందో మనం చూస్తూనే ఉంటాం. హోటలు పాటలో అవసరం వాడిది అయినంతసేపూ మనదే పైచెయ్యి. మన అవసరం పెద్దదైన చోట పాడకూడదు. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా చెబుతున్నాను గాని, పారిస్‌లో తల బొప్పి కట్టాకే నాకు బోధపడింది.

వీసా మాట ఒకటి మధ్యలో చెప్పేస్తాను. షెంగెన్ వీసాకి ఎక్కడ దిగుతారో కాగితం చూపించాలి, 30,000 యూరోలకి తక్కువ కాకుండా ఆరోగ్య బీమా ఉండాలి. వీసా చేతికి రాకముందే పాట పాడితే, వీసా రాకపోతే ఆ డబ్బు గంగపాలు. మేం ముందు రద్దు చేసుకునే వీలున్న గదులు పెట్టుకుని, వీసాలు వచ్చాక, అవే ఊళ్లకి, అవే తేదీలకి పాట మొదలుపెట్టాం. ఆ రద్దుకి గడువు ఏ రోజో పంచాంగం పక్కన రాసి అంటించుకున్నాను.

మాకు ఉదయం ఏడు గంటలంటే తమ్ముడికి రాత్రి తొమ్మిదిన్నర. నేను ఇడ్లీ పొయ్యి మీద పెట్టి ఫోను చెవికి ఆనించుకుంటే, వాడు కంప్యూటరు ముందు. పారిస్‌లో నాలుగు నక్షత్రాల గది మామూలుగా అయితే అన్నీ కలిపి 190 డాలర్లు ఉంది.

"అక్కా, 80కి పాడనా?"

"పాడు."

కాదన్నారు. ఒక పేట కలిపి 90. కాదన్నారు. ఇంకో పేట కలిపి 102. ఒక్క నిమిషం వాడు మాట్లాడలేదు. "వచ్చేసిందక్కా!" అని కేక పెట్టాడు. పన్నులతో 120 అయింది. రాత్రికి 70 డాలర్లు, నాలుగు రాత్రులకి 280, అంటే 18,000 పైచిలుకు మిగిలాయి. ఆ రోజు ఇడ్లీలు మాడాయి గాని ఎవరూ ఏమీ అనలేదు.

పొరపాటు ఎక్కడ చేశానంటే, మేం ముగ్గురం. పాటలో వచ్చే గది ఇద్దరికే. ఎలాంటి మంచం ఇస్తారో కూడా ముందు చెప్పరు. ఆ సంగతి అక్కడ రాసే ఉంది, నేనే అడగలేదు, చదవమనీ అనలేదు. మన ఊళ్లో లాగా ఒక పరుపు అడిగి కింద వేసుకుంటే సరిపోతుందనుకున్నాను. అక్కడ కుదరదు. ఇంత గదికి ఇంతమందే అని నియమం. బల్ల దగ్గర అమ్మాయి మర్యాదగానే చెప్పింది, మూడో మనిషికి ఇంకో గది తీసుకోవాలని. మిగిలి ఉన్నది పైకప్పు కింద ఒంటి గది, రాత్రికి 90 యూరోలు. నాలుగు రాత్రులకి 27,000 రూపాయలు. మిగిల్చినది 18,000, పెట్టింది 27,000. మొదటే మూడు మంచాల గది చూసుకుని ఉంటే ఈ గొడవే లేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. మేం బల్ల దగ్గర వేళ్లు మడిచి లెక్కలు వేసుకుంటూ ఉంటే, మా అత్తగారికి భాష రాకపోయినా విషయం తెలిసిపోయింది. పెట్టె మీద కూర్చుని, "నన్ను ఇంటి దగ్గర వదిలేసి రావలసింది అమ్మాయ్" అన్నారు. మావారు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆవిడ ప్రయాణం కోసమే కదా నేను ఆ చీటీ కట్టింది! ఆ నాలుగు రాత్రులూ మావారు పైగదిలో పడుకున్నారు. మంచం మీంచి లేచినప్పుడల్లా దూలం నెత్తికి తగిలేదట.

ఆమ్‌స్టర్‌డాంకి ఇంకా పాడలేదు. ఆ రాత్రే తమ్ముడు ఫోను చేసి, "70 డాలర్లకి వచ్చేలా ఉంది, పాడేస్తాను" అన్నాడు. వద్దన్నాను. ఆ ఊళ్లో కాలవల ఒడ్డున పాత ఇళ్లు సన్నగా, నిలువుగా ఉంటాయి. మెట్లు నిచ్చెన వేసినట్టు ఉంటాయి. బీరువాలు, మంచాలు మెట్ల మీంచి పోక, ఇంటి నెత్తిన కొక్కెం పెట్టి తాడుతో కిటికీలోంచి లోపలికి చేర్చుకునేవారు. ఆ కొక్కేలు ఇప్పటికీ కనిపిస్తాయి. అలాంటి హోటలు తగిలితే మోకాళ్ల నొప్పులావిడ ఏమవుతుంది? పేరు తెలిస్తే కదా లిఫ్టుందా అని అడగడం! అందుకని పేరున్న హోటలుకే ఈమెయిలు రాయించాను. లిఫ్టు ఉందా, మూడు మంచాలు వేస్తారా అని రెండే ప్రశ్నలు. రెండింటికీ ఉందని జవాబు వచ్చింది. రాత్రికి 140 యూరోలు. పాట కంటే చాలా ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా ఈ ప్రయాణంలో నేను మనసు పీకకుండా ఖర్చు పెట్టిన డబ్బు అదొక్కటే.

రోముకి మాత్రం పాడాం, ఈసారి మనుషుల్ని లెక్కపెట్టుకుని. మూడు నక్షత్రాలు, రెండు గదులు, టెర్మినీ స్టేషను పేటతో మొదలు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మూడు నక్షత్రాలవి గానీ అంతకు పైవి గానీ హోటళ్లే లేని పేట ఏదో వెతికి పట్టుకుంటే, దాన్ని కలిపి మళ్లీ పాడినా మనం ఆ పేటలో పడే భయం లేదు, ఒక పాట మాత్రం అదనంగా దొరుకుతుంది. అలా నాలుగో పాటకి 62 డాలర్లకి వచ్చింది, పన్నులతో 74. మామూలు ధర 107. రెండు గదులకి నాలుగు రాత్రుల మీద 17,000 దాటి కలిసొచ్చింది. గదులు చిన్నవే, కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. అయితేనేం, పగలల్లా తిరిగేవాళ్లకి గోడైనా ఒకటే, సముద్రమైనా ఒకటే.

అక్కడా ఒక చిల్లర దెబ్బ తగిలింది. రోములో ఊరి పన్ను అని మనిషికి, రాత్రికి ఇంత అని వసూలు చేస్తారు. మూడు నక్షత్రాల హోటలుకి అప్పట్లో 4 యూరోలు. ముగ్గురికి నాలుగు రాత్రులు 48 యూరోలు. అది పాటలో కలవదు, అక్కడే కట్టాలి. పారిస్‌లోనూ ఇలాంటిదే కొంత కట్టాం. ఆమ్‌స్టర్‌డాంలో అయితే 2024 నుంచి గది ధర మీద నూటికి పన్నెండున్నర వంతు. రోములో 2023లో పెంచారు. వెళ్లేవాళ్లు దీనికి వేరే కవరులో డబ్బు పెట్టుకోండి.

ఇప్పుడా పాట లేదు. ప్రైస్‌లైన్‌వాళ్లు విమానం టిక్కెట్ల పాట 2016లో మానేశారు, తరవాత హోటళ్ల పాటా పోయింది. పేరు దాచి అమ్మే బేరం మాత్రం ఉంది. ధర వాళ్లే చెబుతారు, నక్షత్రాలు, పేట చెబుతారు, డబ్బు కట్టాకే పేరు చూపిస్తారు. గొంతు తగ్గించి అమ్మడం మానలేదన్నమాట. మా పక్కింటావిడ కొడుకు దగ్గరికి జర్మనీ వెళుతూ ఇలాంటిది తీసుకోమంటావా అని అడిగింది. ఒక్కర్తివీ, పగటి పూట దిగుతావు, కాళ్లు బాగున్నాయి, తీసుకో అన్నాను. చంటిపిల్లతో అర్ధరాత్రి దిగే వాళ్ల కోడలికి మాత్రం వద్దన్నాను.

మొత్తం లెక్క చూస్తే లక్షా యాభై వేలలో పన్నెండు వేల చిల్లర మిగిలింది. అందులోంచి నీలమణి దుర్గమ్మకి చీర పెట్టాం. తిరిగొచ్చాక ఇంటికి వచ్చినవాళ్లంతా ఈఫిల్ టవరు ఎలా ఉంది, పోపుగారి గుడి ఎలా ఉంది అని మా అత్తగారిని అడిగేవారు. ఆవిడ అన్నీ ఒక్క మాటలో తేల్చేసి, "ఆమ్‌స్టర్‌డాంలో లిఫ్టు ఉందమ్మా, అద్దం కూడా ఉంది అందులో" అని మొదలుపెట్టేవారు.

సెలవు.